డీజిల్ కారుకు బజారు ఫిల్టరు

(రాయపూరులో రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, ఖాళీల భర్తీ గురించి మాట్లాడవలసిన వేదిక మీద కారు ఫిల్టరు ప్రస్తావన కొందరికి వింతగా తోచవచ్చు. కాని సహకార పరపతి సంఘం అప్పుతో మన సహచరులు కొన్న బండ్ల ఇంజన్లు ఏడాది తిరగకుండానే పాడవుతున్నాయి. అప్పు వాయిదాలు మాత్రం జీతంలో నుండి నెలనెలా కోత పడుతూనే ఉన్నాయి. కనుక ఇది జీతం విషయమే.

2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 నిబంధనలు అమలులోకి రాగా మారుతీ సంస్థ డీజిల్ కార్ల తయారీ మానుకొన్నది. మన జీతాలకు అందే డీజిల్ కార్లు చాలావరకు పాతవే. పాత బండి చేతికి రాగానే దుకాణంలో మొదట చూపించే వస్తువు ఎయిర్ ఫిల్టరు. "కంపెనీది ఎందుకండీ, ఇది వేయించండి, పికప్ పెరుగుతుంది" అంటారు. ఈ మాటను పరీక్షించవలసి ఉన్నది.

పెట్రోలు ఇంజనులో కాలితో తొక్కే పెడలు గాలి ద్వారాన్ని తెరుస్తుంది. డీజిల్ ఇంజనులో అది ఇంధనం మోతాదును నిర్ణయిస్తుంది. గాలి సాధారణంగా కావలసిన దానికన్నా ఎక్కువే లోపలికి పోతుంది. అందువలన శుభ్రంగా ఉన్న ఫిల్టరును తీసివేసి, మరింత వదులుగా గాలిని విడిచే ఫిల్టరును పెట్టినంత మాత్రాన ఇంధనం ఒక్క చుక్క కూడా ఎక్కువ పడదు, శక్తి పెరగదు. మరి మార్చిన రోజున బండి తేలికైనట్లు తోచిందని కొందరు అంటారు. అది అబద్ధం కాదు. పాత ఫిల్టరు పూడుకొనిపోయి, బండి నల్లపొగ విడుస్తూ ఉండి ఉంటుంది. దాని స్థానంలో కంపెనీ ఫిల్టరు పెట్టినా పోయిన శక్తి తిరిగి వచ్చేదే. ఆ పేరు బజారు ఫిల్టరు కొట్టివేసింది.

అసలు ప్రశ్న శక్తి కాదు, దుమ్ము. ఒక లీటరు డీజిల్ కాలడానికి తక్కువలో తక్కువ పదివేల లీటర్ల గాలి కావాలి. మనం బండి నడిపేది ఎక్కడి గాలిలో? ఉర్ల, సిల్తరా స్పాంజ్ ఐరన్ కార్ఖానాల గాలిలో, బలోదా బజార్ సిమెంటు లారీల వెనుక. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన పట్టికలో సన్నని ధూళి విషయమై రాయపూరు ప్రపంచ నగరాలలో మొదటి పదింటిలో నిలిచింది. నేల మీద నుండి లేచే దుమ్ములోని ఇసుక రేణువు పోత ఇనుప లైనరు కన్నా గట్టిది. అది పిస్టన్ రింగుకూ లైనరుకూ నడుమ చేరితే ఆకురాయి పనే చేస్తుంది.

షెడ్డు పని ఎరిగిన వారికి ఇది కొత్త కాదు. 16 సిలిండర్లు, 2600 అశ్వశక్తి గల డబ్ల్యు.డి.ఎం. 2 ఇంజన్ల నూనెను ప్రయోగశాలలో పరీక్షించేవారు. నూనెలో సిలికాన్ పెరిగితే ఫిల్టరు దగ్గర దుమ్ము దూరుతున్నదని అనుమానం. దానితోపాటు ఇనుము, క్రోమియం కూడా పెరిగితే అరుగుదల మొదలైనట్లే. ఇంజను ఇంకా బాగానే పలుకుతుండగానే జబ్బు పట్టుబడేది. కారు యజమానికి ఆ సదుపాయం లేదు. నీలిపొగ చూసిన నాడే తెలుస్తుంది.

మా సహచరుడొకరికి అలాగే జరిగింది. 1931లో పూర్తయిన విజయనగరం – రాయపూరు రైలు మార్గం వెంట ఆయన తాతగారు ఈ ఊరు వచ్చారు. మనుమడు పండుగకు పార్వతీపురానికి సొంత కారులో పోదామని ఆశపడ్డాడు. బజారు ఫిల్టరు చట్రం పెట్టెలో ఒకవైపు కొంచెం పొట్టి. మూత బిగిసింది గాని అంచు రబ్బరు ఆ వైపు నొక్కుకోలేదు. దుమ్ము కాగితం గుండా కాక దాని పక్కనుండి పోయింది. పండుగ నాటికి బండి నూనె తాగడం మొదలుపెట్టింది. ఫిల్టరులో ఆదా అయినది వందల రూపాయలు, ఇంజను విప్పించడానికి అయినది మూడు నెలల జీతం.

బజారు ఫిల్టర్లన్నీ చెడ్డవని మేము అనము, కొలతకు సరిపోయి, గట్టి రబ్బరు అంచు ఉన్నవి ఉన్నాయి. పాతదాని పక్కన పెట్టి పొడవు, వెడల్పు, మందం చూడాలి. పెట్టె మూత తీయకముందే పైదుమ్ము తుడవాలి. పాతది ఎత్తేటప్పుడు ఇంజను వైపు గొట్టంలోకి చెత్త రాలకూడదు, రాలితే అది నేరుగా సిలిండరులోకే. కొత్తది పెట్టి మూత బిగించి, మళ్ళీ విప్పి చూస్తే అంచు రబ్బరు మీద చుట్టూ ఒకే లోతు నొక్కు కనిపించాలి. ఎక్కడైనా నొక్కు లేకపోతే ఆ ఫిల్టరును దుకాణానికి తిరిగి ఇచ్చివేయాలి. గొట్టాల క్లిప్పులూ చూడాలి. అయిదువందల కిలోమీటర్లు నడిపిన పిమ్మట ఇంజను ఆపి, ఫిల్టరు తరువాతి గొట్టంలో తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డ మాసిందంటే దుమ్ము దూరుతున్నట్లే.

నూనె పూసిన నూలు ఫిల్టరు ఒకటి ఖరీదుకు అమ్ముతారు. నూనె ఎక్కువైతే గాలిని కొలిచే సెన్సారుకు అంటుకొని అది తప్పు లెక్క చెబుతుంది. మన ఊరి దుమ్ముకు కాగితమే మేలని మా అభిప్రాయం.

మరొక సంగతి. వారం వారం ఫిల్టరు ఊదించడం శ్రద్ధ అనుకొంటాము. కాగితం మీద పలుచగా పట్టిన దుమ్ము పొర తరువాతి దుమ్మును ఆపడానికి తోడ్పడుతుంది. కంప్రెసర్ గాలి జోరుకు కాగితం చిల్లులు పడితే, చీకటిలో లోపల బల్బు పెట్టి చూచినప్పుడు గాని కనబడవు.

ఊదేవాని మాట ఎవరూ అడగరు. ఇంజను లోపలికి పోకుండా ఆపిన దుమ్మంతా అతని ముఖం మీదికి లేస్తుంది. ఇసుక ధూళి వలన కలిగే సిలికోసిస్ 1948 ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలులో చేరిన వ్యాధి. రైల్వే షెడ్డులోనైనా, తపాలా వారి మెయిల్ మోటారు వర్క్‌షాపులోనైనా ఈ పని ఆరుబయట, దుమ్ము లాగే యంత్రంతో, మాస్కు ఇచ్చి చేయించాలి. ఈ కోరికను రాబోయే శాఖా సమావేశాల తీర్మానాలలో చేర్చవలసినదిగా మిమ్మల్ని కోరుతున్నాము.