కంప్యూటర్‌లో మన పేరు

కంప్యూటర్ అంటే పట్నపోళ్ల సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఠాణాలో మన గురించి రాసే రాత ఇవ్వాళ అందులోనే ఉంది.

పోలీసు రికార్డులను అమెరికా 1967లో, ఇంగ్లండు 1974లో కంప్యూటర్‌కెక్కించడం మొదలుపెట్టాయి. మన కేంద్రం 2009లో రెండు వేల కోట్లతో సి.సి.టి.ఎన్.ఎస్. పథకానికి ఒప్పుకున్నది. దేశంలోని ఠాణాలన్నిటినీ కలపడం దాని పని. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం ఆంధ్రలోకి పోయినయి. మనకు సరిహద్దు వచ్చింది గానీ ఆ రాతకు సరిహద్దు లేదు.

దీంట్లో మనకు పనికొచ్చేది ఉంది, కాదనం. దెబ్బలు తిని పోతే "రేపు రాపో" అనడం మనకు కొత్తగాదు. 2016 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఎఫ్.ఐ.ఆర్.ను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టమన్నది. మనలాంటి సిగ్నల్ లేని చోట్ల 72 గంటల దాకా గడువు. ఆడవాళ్లపై లైంగిక నేరాల కేసులు పెట్టరు. 2024 జూలై 1 నుంచి వచ్చిన కొత్త చట్టం 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇయ్యొచ్చు. ఫోన్‌లో పంపితే మూడు రోజుల్లో పోయి సంతకం చెయ్యాలె. నకలు ఊరికే ఇయ్యాలె. అట్రాసిటీ కేసుల్లో చాలావాటికి సాయం మొదటి కిస్తీ ఎఫ్.ఐ.ఆర్. మీదే వస్తుంది, కాబట్టి ఆ నకలు వదలొద్దు.

ఇక రెండో పక్క. తెల్లదొరలు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. అప్పుడు భద్రాచలం అందులోదే. ఎరుకల, యానాది బిడ్డ పుడుతూనే దొంగ! 1952లో చట్టం పోయింది, అనుమానం పోలేదు, హిస్టరీ షీట్లలో దాక్కున్నది. పాత పుస్తకమైతే ఒక్క ఠాణాలో చెదలు పట్టేది. కంప్యూటర్‌లో ఎక్కితే ఎక్కడికి పోయినా ఎదురొస్తది. అది తప్పొప్పులు చూడదు, ఎక్కించింది చూపెడతది.

2024 మేలో సుప్రీంకోర్టు, దళిత, గిరిజన, వెనుకబడిన కులాలోళ్ల పేర్లు కులం చూసి హిస్టరీ షీట్లలో రాయొద్దన్నది. అక్టోబరులో జైలు రిజిస్టర్లలో కులం గడి తీసెయ్యమన్నది. తీర్పు ఢిల్లీలో ఉంటే చాలదు.

మేం అడిగేది ఇదే: కేసు కొట్టేసినవాళ్లు తీర్పు నకలు తీసుకోండి. దాన్ని దరఖాస్తుతో ఠాణాలో ఇచ్చి, రికార్డు సరిచెయ్యమనండి. ఒక నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. తీసుకోమంటే ఎస్పీకి రిజిస్టరు పోస్టులో పంపండి. పోడు కేసులు వేరు, అవి ఫారెస్టోళ్ల రిజిస్టర్లలో ఉంటయి, వాటి నకళ్లు రేంజి ఆఫీసులో విడిగా అడగాలె. ఒక్కరు పోవద్దు, నలుగురు కలిసి పోండి.