హింసకు రెండు లెక్కలు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



1993 నవంబరు నెలలో కొల్లాపురము చేరువనున్న సోమశిల దారిలో మందుపాతర పేలి, మహబూబునగరు జిల్లా పోలీసు సూపరింటెండెంటు పరదేశినాయుడును, ఆయన వెంటనున్న పలువురు పోలీసులును మరణించిరి. ఆ కాలముననే నల్లమల అంచు పల్లెలలో ‘ఎదురుకాల్పులు’ అను మాట నిత్యవ్యవహారమై యుండెను. నాటి రచ్చబండ మాటలను జ్ఞప్తికి దెచ్చుకొన్నవారికి ఒక వింత తోచును. సోమశిల మృతులకై కంట తడిపెట్టినవారే ఎదురుకాల్పుల మృతులను గూర్చి ‘తగిన శాస్తి’ యనిరి. వీరికై దుఃఖించినవారు వారిని గూర్చి ఆ మాటనే పలికిరి. చిట్టా ఒకటియై ఆవర్జాలు రెండైనట్లున్నది ఈ వ్యవహారము.

హింసను నిందించు నోటితోనే మనుష్యుడు హింసను సమర్థించుట ఎట్లు? ఈ ప్రశ్నను చిరకాలము పరిశోధించిన ఆచార్యుడు ఆల్బర్ట్ బండూరా. ఆయన 1925లో కెనడా దేశమున జన్మించి, 1953 మొదలు అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున మనస్తత్వశాస్త్రము బోధించి, 2021లో కీర్తిశేషుడయ్యెను. 1961లో ప్రకటితమైన ఆయన ప్రయోగము మిక్కిలి ప్రసిద్ధము. ఆరేండ్లు నిండని బాలబాలికలు 72 మందిని ఎంచుకొనిరి. అందు 24 మంది చూచుచుండగా ఒక పెద్దమనిషి గాలి నింపిన బొమ్మను సుత్తితో మోది, తన్ని, తిట్టెను. మరి 24 మంది యెదుట ఆ బొమ్మ జోలికే పోక ఇతర వస్తువులతో నెమ్మదిగా ఆడుకొనెను. మిగిలినవారికి ఏమియు చూపలేదు. పిదప పిల్లలకు కొంత చికాకు గలిగించి బొమ్మకడ విడువగా, మొదటి తెగవారిలో అనేకులు ఆ దెబ్బలనే కొట్టి, ఆ మాటలనే పలికిరి. కొట్టుమని వారికి ఎవ్వరును చెప్పలేదు. చూచిరి, అంతియే.

భారతము చదివినవారికి ఇది బొత్తిగా క్రొత్త సంగతి కాదు. దుర్యోధనుడు తొడలు విరిగి పడిన రాత్రి అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ అడవిలో ఒక మఱ్ఱిచెట్టు క్రింద చేరిరి. ఇరువురు నిద్రించిరి, అశ్వత్థామకు కంటికి కునుకు రాలేదు. అప్పుడొక గుడ్లగూబ వచ్చి కొమ్మలపై నిద్రించు కాకులను చీల్చి చంపెను. ద్రోణాచార్యుని కుమారునకు, సర్వాస్త్రవేత్తకు, ఆ రాత్రి ఆ పక్షియే గురువయ్యెను. ఈ రాత్రికి నిద్రింపుమని, ధృతరాష్ట్రుని, గాంధారిని, విదురుని అడిగి వారు చెప్పినట్లు చేయుదమని కృపుడు బోధించెను. అశ్వత్థామ వినలేదు. శిఖండిని ముందుంచుకొని భీష్ముని పడగొట్టిరి. అస్త్రసన్న్యాసము చేసిన తన తండ్రిని చంపిరి. రథచక్రము క్రుంగినపుడు కర్ణుని చంపిరి. ధర్మసేతువును పాండవులే తెగగొట్టియుండ తనను తప్పుపట్టుట ఏలయని ఆతని వాదము. చెప్పినవన్నియు నిజములే. అందుచేతనే ఆ వాదము భయంకరము.

బండూరా తరువాతి కాలమున పరిశోధించినది ఇట్టి వాదములనే. సామాన్యముగా సజ్జనుడైనవాడు క్రౌర్యమునకు పూనుకొనునపుడు తన మనస్సాక్షిని ముందు నిద్రపుచ్చుననియు, అందుకు ఎదుటివాని దోషముతో పోల్చి తన దోషమును చిన్నది చేసికొనుననియు, ఆజ్ఞ పైవారిదని తప్పించుకొనుననియు, చంపుటకు మెత్తని పేరు పెట్టుననియు ఆయన నిరూపించెను. మాటల విషయము పాలమూరు సీమవారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకవైపున ‘ఎదురుకాల్పులు’, ఇంకొకవైపున ‘ప్రజాకోర్టు తీర్పు’. ‘ఇన్‌ఫార్మరు’ అను ముద్ర పడినవానికి అంతటితో ఊరు పేరు పోవును, ఆలుబిడ్డలు ఉన్నారన్న తలపు పోవును.

ఈ విద్యను పుస్తకములలో గాక ఆచరణలో పరీక్షించినవారు తెలుగునాటనే కలరు. ఈ సీమకే చెందిన మొగిలిగిద్ద గ్రామమువారైన ఆచార్య హరగోపాల్ మనస్తత్వశాస్త్రజ్ఞులు కారు. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము బోధించిరి. వారు సభ్యులుగా, ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వమున 1997లో పౌరస్పందన వేదిక ఏర్పడెను. ప్రభుత్వమును అడిగిన ప్రశ్ననే అది నక్సలైట్లనును అడిగెను. నడుమ నలుగు పల్లెవాసి మాటేమి అనునదే ఆ ప్రశ్న. ఇరుపక్షములకును రుచింపని పని యిది. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి మన్యమునందలి గుర్తేడుకడ నక్సలైట్లు అపహరించిన ఐ.ఏ.ఎస్. అధికారులలో ఈ శంకరన్ ఒకరు. అట్టివారు పదేండ్లకు మరల ఆ పక్షమువారితోనే మాటలాడ పూనుకొనిరన్నచో, చిట్టాకు ఒకే ఆవర్జా పెట్టువారు ఎట్లుందురో తెలియును.

2004 అక్టోబరులో నల్లమలనుండి వెలువడిన నాయకులు హైదరాబాదున ప్రభుత్వ ప్రతినిధులతో కూర్చుండి చర్చించిరి. కాల్పులు నిలిచిన ఆ కొలది మాసములలో ఇరువైపుల చావులు మిక్కిలి తగ్గెను. చర్చలు 2005 ఆరంభమున భగ్నమాయెను. ఆ యేడు ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి, ఆయన కుమారుడు, మరికొందరు కాల్పులలో హతులైరి. చర్చలు వ్యర్థమనువారికి అది సాక్ష్యమైనది. చర్చలు నిలిచినందుననే యనువారికిని అదే సాక్ష్యమైనది.

2012లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సుక్మా కలెక్టరును మావోయిస్టులు అపహరించినపుడు హరగోపాల్, బి.డి. శర్మ మధ్యవర్తులై మాటలాడి, మే నెలలో అడవికి పోయి ఆయనను వెంటబెట్టుకొని వచ్చిరి. కలెక్టరు ఇల్లు చేరెను. ఆయన అంగరక్షకులిరువురు అపహరణము నాడే హతులైయుండిరి.