హాజరు పట్టీలో మన పేరు

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా డి.ఎ. బకాయిలు, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడుకుంటాం. అవి మాట్లాడుకోవలసినవే. ఈసారి మాత్రం కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలిచ్చి, "పార్కులో మీరంతా కలిసి చేసే వ్యాయామం సంగతి చెప్పండి" అన్నారు. నేను డాక్టరును కాను, యోగా గురువును అంతకన్నా కాను. 34 సంవత్సరాలు ఫైళ్ళతో కాలం గడిపిన గుమాస్తాను. నాకు తెలిసిన భాషలోనే చెబుతాను.

2008లో పదవీ విరమణ చేసిన మర్నాడు ఉదయం పదింటికి అలవాటు కొద్దీ చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాను. ఎక్కడికి వెళ్ళాలో తోచలేదు. మా ఆవిడ నవ్వి, చేతికి కూరల సంచి ఇచ్చింది. ఆమె ఉన్నంత కాలం ఆఫీసు లేని లోటు నాకు తెలియలేదు. 2016లో ఆమె కాలం చేసింది. ఆ తరువాత తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది. పేపరు చదివినా బుర్రకెక్కేది కాదు. అబ్బాయి ఫోను చేస్తే "బాగానే ఉన్నాను" అని పెట్టేసేవాణ్ణి. డాక్టరు గారు నడవమంటే డాబా మీద ఒంటరిగా నడిచాను. కాళ్ళు నడిచేవి గాని మనసు కూర్చున్న చోటనే కూర్చునేది.

ఇలా ఎనిమిది నెలలు గడిచాక, నాతో కలిసి పనిచేసిన ఒక మిత్రుడు ఇంటికి వచ్చి, "రేపు ఆరింటికి పార్కు గేటు దగ్గర ఉంటాను. మీరు రాకపోతే నేనూ లోపలికి వెళ్ళను" అన్నాడు. ఆయన్ని గేటు దగ్గర నిలబెట్టడం ఇష్టం లేక వెళ్ళాను. అంతే తప్ప ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టి కాదు.

అక్కడ జరిగేది పెద్ద విద్య ఏమీ కాదు. మొత్తం నలభై నిమిషాలు. మెడ, భుజాలు, నడుము మెల్లగా తిప్పడం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం. కుర్చీ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం. అందరూ కలిసి పది నిమిషాలు నడక, ఆపైన శ్వాస. చివర రెండు నిమిషాలు గట్టిగా నవ్వడం. ఈ నవ్వుల క్లబ్బుల పద్ధతిని 1995లో బొంబాయిలో డాక్టర్ మదన్ కటారియా గారు ఒక పార్కులో అయిదుగురితో మొదలుపెట్టారు. మొదటి వారం నాకు సిగ్గు వేసింది. రెండో వారం పక్కాయన నవ్వు చూసి నాకు నిజంగానే నవ్వు వచ్చింది. నెల తిరిగేసరికి నాలుగున్నర దాకా నిద్ర పట్టసాగింది.

దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. అమెరికాలో 69 మంది వైద్య విద్యార్థులను 12 వారాలు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. గుంపుగా వ్యాయామం చేసిన వారిలో మానసిక ఒత్తిడి 26 శాతం తగ్గింది. విడిగా చేసినవారు అంతకంటె ఎక్కువసేపు చేసినా ఒత్తిడిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వారు కుర్రవాళ్ళు, ఏ పద్ధతి కావాలో వారే ఎంచుకున్నారు కనుక అది మనకు అచ్చంగా వర్తిస్తుందని అనలేను. నార్వేలో దాదాపు 34 వేల మందిని సుమారు 11 ఏళ్ళు గమనించిన వైద్యులు, అందరూ వారానికి ఒక గంటయినా వ్యాయామం చేసి ఉంటే కొత్తగా వచ్చిన డిప్రెషన్ కేసులలో 12 శాతం రాకుండా ఉండేవని అంచనా కట్టారు.

ఇక నా సొంత సంగతి. పాత అలవాటు చొప్పున మా బృందానికి నేనొక హాజరు పట్టీ పెట్టాను. అందరూ నవ్వారు. "జీతం కోస్తారా?" అన్నారు. ఒకసారి మాలో ఒకాయన నాలుగు రోజులు రాలేదు. కూతురి దగ్గరకు వెళ్ళి ఉంటాడని ఆబ్సెంటు గుర్తు వేసి ఊరుకున్నాను. అది నా తప్పు. అయిదో రోజు ఆ వరుస చూస్తే మనసు ఒప్పక ముగ్గురం కలిసి వాళ్ళింటికి వెళ్ళాం. కిటికీలు మూసి ఉన్నాయి. మంచం పక్కన రెండు రోజుల నాటి అన్నం అలాగే ఉంది. జ్వరం లేదు. "ఎవరైనా వస్తారేమోనని గేటు చప్పుడు వింటూ పడుకున్నాను" అన్నాడాయన. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు.

డాక్టరుకు చూపిస్తే డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు. మూడు నెలల తరువాత మళ్ళీ మా వరుసలోకి వచ్చాడు. వ్యాయామమే ఆయనకు నయం చేసిందని నేను చెప్పను. వైద్యం చేసింది డాక్టరు. ఆయన రాలేదని తెలియజెప్పింది మాత్రం మా పట్టీ. డాబా మీద ఒంటరిగా నడిచే మనిషి ఒకరోజు నడవకపోతే ఎవరికి తెలుస్తుంది?

కాబట్టి సంఘం ముందు నాలుగు మనవులు పెడుతున్నాను. ఒకటి, ప్రతి వార్డులో పదిమందితోనైనా ఇటువంటి తరగతి మొదలుపెట్టాలి. రెండు, పట్టీ పెట్టాలి. రెండు రోజులు రాకపోతే ఫోను, మూడో రోజున ఇంటికి మనిషి. మూడు, పొద్దున వంటపని వల్ల ఆడవాళ్ళు రాలేకపోతున్నారు, వారికి సాయంత్రం అయిదింటికి వేరే తరగతి ఉండాలి. నాలుగు, గుండె జబ్బు, బి.పి., మోకాళ్ళ బాధ ఉన్నవారు డాక్టరును అడిగే చేరాలి, పక్కవారితో పోటీ పడరాదు, వాడే మాత్రలు మానరాదు. మనసు మరీ బాగాలేనివారికి 2022 అక్టోబరు నుండి ప్రభుత్వ టెలి మానస్ సేవ ఉంది. నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు. ఇందులో నామోషీ ఏమీ లేదు.

బతికి ఉన్నామని మనం ఏడాదికొకసారి ట్రెజరీకి సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ కబురు రోజూ ఒకరికొకరం ఇచ్చుకుందాం. రేపు ఉదయం ఆరింటికి పట్టీలో కొత్త పేజీ తెరుస్తున్నాను. మీ పేర్లు రాసుకోవడానికి సిద్ధంగా ఉంటాను.