నిర్ణయం ఎవరి చేతిలో ఉంది?

వాణిజ్యశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, సమాజశాస్త్రం బోధించేవారు, పరిశోధక విద్యార్థులు, కార్మిక సంఘాల్లో తల పండినవారు ఒకే చోట కూర్చున్న సభ ఇది. దీనికి నేను అధ్యక్షత వహిస్తున్నాను.

పనిచోట స్వేచ్ఛ, క్షేమం గురించి ఇక్కడ చాలా పత్రాలు వినబోతున్నాం. నేను ఒక్క విషయమే చెప్పదలచాను. తన చేతిలో ఏ నిర్ణయమూ లేని అధికారి కింది ఉద్యోగికి స్వేచ్ఛ ఇవ్వలేడు. ఇద్దరి క్షేమాన్నీ వేరువేరుగా కొలిచే అలవాటు మనం మానుకోవాలి.

1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లులో జరిగిన ప్రయోగం మన దేశంలో పుట్టి ప్రపంచమంతటా పాఠ్యపుస్తకాలకెక్కింది. మన తరగతి గదుల్లో దాని ఊసు ఇంకా ఎక్కువగా వినపడాలి. మిల్లు బాధ్యత గౌతమ్ సారాభాయ్‌ది. పరిశోధకుడు లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఏ.కె. రైస్. కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు బిగించారు. యంత్రాలు మంచివి, పనివాళ్లు చేయి తిరిగినవాళ్లు. అయినా అనుకున్నంత బట్ట దిగలేదు. దిగిన బట్టలో మూడోవంతుకు దగ్గరగా లోపాలే.

ఆ షెడ్డులో 224 మగ్గాలు. పనిని 12 రకాలుగా విడగొట్టారు. నేతగాడు సుమారు 30 మగ్గాలు చూసుకుంటాడు. కండెలు నింపేవాడికి 50 దాకా ఉంటాయి. పోగులు కుప్పగా తెగినప్పుడు అతికేవాడికి అంతకన్నా ఎక్కువ. ఇప్పుడు ఒక మగ్గం ఆగిందనుకోండి. నేతగాడు పోగులతికేవాడి కోసం చూడాలి. అతనేమో ఇంకో నేతగాడి మగ్గం మీద వంగి ఉంటాడు. రమ్మనడానికి ఇతనికి అధికారం లేదు, ఎవరి మగ్గం ముందో తేల్చుకోవడానికి అతనికీ లేదు. పైవాడు వచ్చి చెప్పాలి. పైవాడు షెడ్డు ఆ చివర మరో తగువులో ఉంటాడు. సిరిసిల్లలో మరమగ్గాల మోత మధ్య నిలబడ్డవారికి ఆగిన మగ్గం ముందు నిలబడడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

రైస్ సూచన చాలా సాదాసీదాది. కొన్ని మగ్గాలకు ఒక జట్టు. ఆ మగ్గాల మంచిచెడ్డలన్నీ ఆ జట్టువే. మాట చెవిన పడగానే కార్మికులే ఏడుగురేసి జట్లు కట్టుకుని ముందుకొచ్చారు. తొలిరోజుల్లో కాస్త తడబడ్డారు. తర్వాత మగ్గాల సామర్థ్యం 80 శాతం చుట్టుపక్కల నుంచి 95 శాతం దాకా పెరిగింది, లోపాలు 32 నుంచి 20 శాతానికి తగ్గాయి.

పాఠ్యపుస్తకాలు ఇక్కడ ఆగిపోతాయి. నాకు ఆ తర్వాతి సంగతే ముఖ్యం. అంతకుముందు ప్రతి చిన్న తగువుకూ పరుగెత్తిన సూపర్‌వైజర్లకు ఇప్పుడు తమ అసలు పని చేసుకునే తీరిక దొరికింది. నూలు సమయానికి వస్తోందా, విడిభాగాలు ఉన్నాయా, రేపటి నేతకు కావలసినవేమిటి అని చూడగలిగారు. కింది వారికి నిర్ణయం దక్కితే పైవారికీ ఊపిరి దక్కింది. అయితే ఇది శాశ్వతం కాలేదు. 1970లో టావిస్టాక్ సంస్థకే చెందిన ఎరిక్ మిల్లర్ వెళ్లి చూస్తే, ఆటోమేటిక్ కాని మామూలు మగ్గాల షెడ్డు ఒకదానిలో జట్టు పద్ధతి చెక్కుచెదరలేదు. ఆటోమేటిక్ షెడ్డులో మాత్రం చాలావరకు పాత తీరే తిరిగి వచ్చింది. బయటి ఒత్తిళ్లకు అడ్డుగా నిలవాల్సిన పైవారు ఆ ఒత్తిడిని లోపలికి తెచ్చినప్పుడు జట్టు నిలవదు.

ఇక ఆరోగ్యం. పెద్ద పదవుల్లో ఉన్నవారికే గుండెజబ్బులని ఒకప్పుడు అందరం అనుకునేవాళ్లం. 1967లో లండన్ ప్రభుత్వ కార్యాలయాల్లో 18 వేల మంది పురుష ఉద్యోగులతో మొదలైన వైట్‌హాల్ అధ్యయనం ఆ భ్రమను పోగొట్టింది. అట్టడుగు హోదాలో గుండెజబ్బు మరణాలు పై హోదాకన్నా మూడు రెట్లకు పైగా ఉన్నాయి. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా ఆ తేడాలో సగం కూడా తేలలేదు. 1985లో స్త్రీలను కూడా కలుపుకుని మైకేల్ మార్మాట్ బృందం మొదలుపెట్టిన రెండో అధ్యయనంలో, తన పని మీద తనకు పట్టు లేకపోవడానికీ గుండెజబ్బుకూ సంబంధం కనిపించింది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదని, భారం ఎక్కువై పట్టు తక్కువైనప్పుడే ప్రమాదమని రాబర్ట్ కరాసెక్ 1979లోనే వాదించాడు.

మన దగ్గరికి వద్దాం. ఏదైనా మండల కేంద్రంలో బ్యాంకు శాఖ మేనేజరు గది చూడండి. ఎదుట ఒక రైతు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటాడు. అతని పొలం ఎక్కడుందో, కిందటేడు ఎంత పండిందో, మాట మీద నిలబడే మనిషో కాదో మేనేజరుకు తెలుసు. కానీ చాలా అప్పుల విషయంలో మంజూరు ఎక్కడో నగరంలోని కేంద్రంలో జరుగుతుంది. ఈయన చేసేది కాగితాలు పంపడం. ఇంతలో ఫోను మోగుతుంది. ఈ రోజు ఎన్ని బీమా పాలసీలు, ఎన్ని కొత్త ఖాతాలు? ఫోను పెట్టేసి ఆయన కౌంటరు దగ్గరికి వెళ్లి గుమస్తా అమ్మాయిని అదే ప్రశ్న, అదే గొంతుతో అడుగుతాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆయన దగ్గర పంచిపెట్టడానికి ఒత్తిడి తప్ప వేరే ఏదీ మిగల్లేదు. ఈ గదిలోకి యోగా శిక్షకుణ్ణి పంపి క్షేమం చూశామనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

స్వేచ్ఛ పేరుతో జరిగే మరో పనిని కూడా గట్టిగా ఖండించాలి. హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో టీమ్ లీడ్‌గా ఉన్న పిల్లలు చెప్పేది వినండి. గడువు క్లయింటు పెడతాడు, మనుషుల సంఖ్య పైవారు తేలుస్తారు, తేడా వస్తే జవాబుదారీ మాత్రం టీమ్ లీడ్‌ది. ఇల్లే ఆఫీసయ్యాక రాత్రి పదకొండుకు వచ్చే మెసేజికి జవాబివ్వడం కూడా "నీ ఇష్టం" కిందికే చేరింది. ఎప్పుడు కూర్చుని పనిచేయాలో ఎంచుకోనిస్తున్నారు గాని ఎంత పని సాధ్యమో చెప్పనివ్వడం లేదు. అధికారం ఇవ్వకుండా బాధ్యత ఒక్కటే కిందికి దించితే దాన్ని స్వయంనిర్ణయమని మన పత్రాల్లో రాయకండి.

పరిశోధక విద్యార్థులకు నా అభ్యర్థన ఒకటుంది. ప్రశ్నావళి ఒక్క ఉద్యోగికే ఇచ్చి రావద్దు. అదే ఆఫీసులో అతని పై అధికారినీ, వీలైతే ఆ అధికారికి పైవారినీ ఒకే వారంలో అడగండి. ఎవరికి ఏ నిర్ణయం ఉందో పేరుపేరునా రాయించుకోండి: సెలవు ఎవరు ఇస్తారు, డ్యూటీ చార్టు ఎవరు వేస్తారు, సాధ్యం కాని లక్ష్యాన్ని సాధ్యం కాదని ఎవరు చెప్పగలరు. ఆర్టీసీ డిపో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, గ్రామ సచివాలయం, ఏదైనా సరే. రెండు మూడేళ్ల తర్వాత మళ్లీ అక్కడికే వెళ్లండి. అధికారి బదిలీ అయ్యాక కూడా ఆ నిర్ణయాల పంపకం అలాగే మిగిలిందో లేదో చూసి చెప్పండి. అలాంటి పత్రం ఒక్కటి వచ్చినా, వచ్చే సదస్సులో ఒక పూట మొత్తం దానికే కేటాయించమని నిర్వాహకులను ఇప్పుడే కోరుతున్నాను.