రెండు కచేరీలు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా గద్వాలలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ అనుభవంలోంచి ఒక సంగతి చెప్పండి, పావుగంటకు మించవద్దు అని కార్యదర్శి గారు ఆజ్ఞాపించారు. డి.ఎ. బకాయిల గురించో, కాశీయాత్ర గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను ఒక సినిమా పండుగ గురించి చెప్పబోతున్నాను. వినడానికి కొందరికి ఇబ్బందిగా ఉండవచ్చు. ఇరవై ఏళ్ల కిందటైతే ఈ మాటలు వినలేక నేనే లేచి వెళ్లిపోయేవాణ్ని. కాస్త ఓపిక పట్టమని ముందుగానే మనవి చేస్తున్నాను.

పండుగ సంగతికి ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1983లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు రేషన్ కార్డుల కోసం జనం ఎలా విరగబడ్డారో మీలో చాలామందికి జ్ఞాపకం ఉండే ఉంటుంది. అప్పుడు నేను ఒక తాలూకా కచేరీలో గుమాస్తాను. ఏ ఊరో చెప్పను, ఎందుకంటే తప్పు ఊరిది కాదు, నాది. ఒకరోజు చీర కట్టుకున్న ఒక మనిషి దరఖాస్తు పట్టుకుని నా బల్ల ముందు నిలబడింది. అలాంటి వారిని మనం అప్పట్లో ఏ పేరుతో పిలిచేవాళ్లమో మీకు తెలుసు, ఆ మాట ఇవాళ నోట పలకను. పురుషుడు, స్త్రీ అన్న చోట ఏమీ రాయలేదు. నేను కాగితం తిరిగి ఇచ్చేసి, "ముందు ఏదో ఒకటి తేల్చుకుని రా" అన్నాను. పక్క బల్లల వాళ్లందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ మనిషి కాగితం మడిచి కొంగున కట్టుకుని, "నీ పిల్లలు సల్లగుండాలె సారూ" అని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు. మరునాటికి నేనూ మరిచిపోయాను.

ఇక సినిమా పండుగకు వస్తాను. మా చిన్నమ్మాయి బెంగుళూరులో ఉద్యోగం చేస్తుంది. మన గద్వాలలో రాత్రి రైలెక్కితే పొద్దునకు అక్కడ ఉంటాం. కరోనాకు ముందు ఒకసారి వెళ్లినప్పుడు, "నాన్నా, సాయంత్రం ఒకచోటికి వెళదాం, పాటలు కూడా ఉంటాయి" అంది. నాకు పాటల పిచ్చి ఉందని దానికి తెలుసు. తీసుకువెళ్లింది బెంగుళూరు క్వీర్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు. వసంతనగర్ దగ్గర అలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే ఫ్రెంచి భాషా కేంద్రం ఆవరణలో జరిగింది.

క్వీర్ అంటే ఇంగ్లీషులో వింత అని అర్థం. ఒకప్పుడు అది తిట్టు. మగవారిని ప్రేమించే మగవారు, ఆడవారిని ప్రేమించే ఆడవారు, పుట్టినప్పుడు రాసిన లింగం తమది కాదని తెలుసుకున్నవారు, వీరందరూ ఆ తిట్టునే తమ పేరుగా పెట్టుకున్నారు. బొంబాయిలో శ్రీధర్ రంగాయన్ గారు 2010లో ప్రారంభించిన 'కషిష్' పండుగ ఇలాంటి వాటిలో పెద్దది. బెంగుళూరు పండుగ అంతకు ముందు నుంచే ఉంది. దానికి టిక్కెట్టు లేదు. ఆ సమాజం వారే చందాలు వేసుకుని, వారే కుర్చీలు సర్ది, వారే నడుపుకుంటారు. మన సంఘం మహాసభ లాంటిదే అనుకోండి.

సినిమాలు ఏవేవో దేశాలవి. కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు నా కళ్లద్దాలకు అందలేదు. నిజం చెప్పాలంటే సగం అర్థం కాలేదు. నేను ఎక్కువగా చూసింది చుట్టూ కూర్చున్న వాళ్లను. పిల్లల పక్కన కూర్చున్న తల్లులు ఉన్నారు. నా ఈడు వాళ్లు కూడా కనిపించారు. ఎవరూ ఎవరినీ వింతగా చూడలేదు, వింతగా చూసినవాణ్ని బహుశా నేనొక్కణ్నే.

చీకటి పడ్డాక పాటలు మొదలయ్యాయి. కుర్రవాళ్ల గిటార్ల తరవాత, చీర కట్టుకున్న ఒక నడివయసు మనిషి ఢోలక్ తోడుగా ఎల్లమ్మ పాట ఎత్తుకుంది. కన్నడ పాట. మన నడిగడ్డ వాళ్లకు రాయచూరు మాట అర్థం కాకుండా ఉంటుందా? గొంతు బొంగురు, కాని శ్రుతి తప్పలేదు. పాట అయ్యాక కొంగు రెండు చేతులా పట్టి సభను దీవించింది. నాకు ఆ కొంగులో కట్టిన దరఖాస్తు జ్ఞాపకం వచ్చింది. ముప్ఫై అయిదేళ్ల పైమాట. పక్కన మా అమ్మాయి ఉన్నా కళ్లు తుడుచుకోక తప్పలేదు. మనకు ఆఫీసూ కచేరీయే, పాటల సభా కచేరీయే. ఒక కచేరీలో నేను వెళ్లగొట్టిన మనిషి, ఇంకో కచేరీలో ఎదురుగా కూర్చుని నేను దీవెన పుచ్చుకున్న మనిషి ఒకరే అనిపించింది.

ఊరికి వచ్చాక ఈ సంగతులు చదవడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసిన ఒక చట్టం గురించి చెబుతాను. అది 1329 ఫసలీ నాటి నిజాం చట్టం. జమాబందీ లెక్కలు రాసిన చేతులకు ఫసలీ కొత్త కాదు, 590 కలిపితే 1919. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించాలన్నది ఆ చట్టం. పేరు ఎక్కినవారు ఆడవేషంతో వీధిలో కనిపించినా, పదిమందిలో పాడినా, ఆడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. చూశారా, పాట పాడటం నేరం! నిజాం పోయాడు, ఆంధ్రప్రదేశ్ వచ్చింది, తెలంగాణ వచ్చింది. చట్టం మాత్రం పుస్తకాల్లో అలాగే ఉండిపోయింది. సర్వీసు రూల్సు కంఠతా చెప్పే నాకు ఇలాంటిదొకటి ఉందనే తెలియదు. వైజయంతి వసంత మొగిలి గారు, మరికొందరు హైకోర్టుకు వెళితే, 2023 జులైలో మన తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టివేసింది. అంటే గద్వాల సంస్థానం కవి పండితులకు సన్మానాలు చేసిందని గొప్పగా చెప్పుకునే మన ప్రాంతంలో, ఒక జాతి మనుషుల పాట మీద కత్తి నూరేళ్లకు పైగా వేలాడింది.

పక్కనే కన్నడ సీమలో జోగప్పలు చౌడికె వాయిస్తూ ఎల్లమ్మ కథలు పాడుతూ వచ్చారు. మన బైండ్లవారి జమిడిక లాంటిదే ఆ చౌడికె. కొన్నేళ్ల కిందట కర్ణాటక సంగీత విద్వాంసుడు టి.ఎం. కృష్ణ గారు వారితో కలిసి ఒకే వేదిక మీద పాడారు. బళ్లారి జిల్లాకు చెందిన మంజమ్మ జోగతి గారు కర్ణాటక జానపద అకాడమీకి అధ్యక్షురాలు అయ్యారు. 2021 నవంబరులో పద్మశ్రీ అందుకుంటూ ఆమె రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారికి కొంగుతో దిష్టి తీసి దీవించడం టీవీలో మీరంతా చూసే ఉంటారు.

ఇదంతా పెన్షనర్ల దినోత్సవం నాడు ఎందుకు అని అడగవచ్చు. ఈ రోజు మనకు పండుగ ఎందుకైంది? 1982 డిసెంబరు 17న డి.ఎస్. నకారా కేసులో సుప్రీంకోర్టు పింఛను దయాధర్మం కాదు, హక్కు అని తేల్చింది గనుక. ఆ అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనంలో ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ గారు, మన తెలుగువారైన ఓ. చిన్నపరెడ్డి గారు ఉన్నారు. ఆ వై.వి. చంద్రచూడ్ గారి కుమారుడే డి.వై. చంద్రచూడ్ గారు. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల అనుబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న తీర్పు ఇచ్చిన అయిదుగురిలో ఆయన ఒకరు. అంతకు ముందు 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు, ట్రాన్స్‌జెండర్లు తామెవరో తామే చెప్పుకోవచ్చునంది. నేను 1983లో తేల్చుకుని రమ్మన్నది ఆ మాటనే. మనకు నకారా తీర్పు ఎలాంటిదో, వారికి ఈ తీర్పులు అలాంటివి.

అయితే తీర్పు వచ్చినంత మాత్రాన కాగితం కదలదని మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఆసరా పింఛను ట్రాన్స్‌జెండర్లకు వర్తింపజేయాలని హైకోర్టు అదే 2023 తీర్పులో చెప్పింది. కలెక్టరు ద్వారా గుర్తింపు పత్రం ఇచ్చే ఏర్పాటు 2019 చట్టంలో ఉంది. ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ విధులకు 39 మందిని ఎంపిక చేశారు. ఇవి మంచి మాటలే. కాని ఏ పల్లెలోనో ఉన్న ముసలి ప్రాణానికి ఫారం ఎవరు నింపిస్తారు? మనం ఏడాదికోసారి బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇవ్వడానికే విసుక్కుంటాం. వారు పుట్టినప్పటి నుంచీ తామెవరో రుజువు చేసుకుంటూనే ఉన్నారు.

ఇంకొకటి. ఇద్దరు మగవారో, ఇద్దరు ఆడవారో నలభై ఏళ్లు కలిసి బతికినా, 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు వారి పెళ్లికి చట్టబద్ధత ఇవ్వలేదు. అలాంటప్పుడు ఫ్యామిలీ పెన్షన్ కాలమ్‌లో ఎవరి పేరు రాస్తారు? 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ జాయింట్ ఖాతా తెరవవచ్చు, నామినీగా రాసుకోవచ్చు అని మాత్రం స్పష్టం చేసింది. భర్త పోయాక పి.పి.ఓ. కాగితం పట్టుకుని తిరిగిన మన అక్కచెల్లెళ్లకు ఈ బాధ వేరే చెప్పనవసరం లేదు.

మీరు అడగకపోయినా చెబుతాను. ఇలాంటివారు మా బంధువర్గంలోనూ ఉన్నారు. ఎవరని అడగకండి, చెప్పుకునే హక్కు వారిది. వారు ఇంట్లో నోరు విప్పిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఆ సినిమా పండుగకు వెళ్లి ఉండకపోతే, నేను 1983 నాటి మాటే అనేవాణ్ని. ఆ బిడ్డ కాగితం మడుచుకున్నట్టు మనసు మడుచుకుని వెళ్లిపోయేది. అనలేదు. "భోంచేశావా?" అని అడిగాను. అంతకు మించి ఏమీ తోచలేదు. అది చాలిందని తరవాత తెలిసింది.

నావి రెండే ప్రార్థనలు. మన వార్షికోత్సవాల్లో మగవాళ్లు చీర కట్టి చప్పట్లు కొట్టి నవ్వించే అంశం ఇక మానేద్దాం. రెండోది, మూడు జిల్లాల్లోనూ మన సంఘం ఆఫీసుల్లో నెలకు ఒక పూట, ట్రాన్స్‌జెండర్ సోదరీ సోదరుల దరఖాస్తులు నింపిపెట్టే ఏర్పాటు చేద్దాం. మనకు డబ్బు లేకపోవచ్చు. ఏ కాగితం ఏ బల్ల దగ్గర ఆగుతుందో మనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

ఈ పనికి మొదటి పేరుగా నా పేరు కార్యదర్శి గారి దగ్గర రాయించాను. కళ్లద్దాలు మార్పించుకున్నాను, చెయ్యి ఇంకా వణకడం లేదు.