కంప్యూటరు మారినా తిథి తప్పరాదు

ఈ నాలుగు మాటలు ముఖ్యంగా మన యువతరానికి మనవి చేస్తున్నాను.

మన దేవాలయ కార్యాలయంలోని పాత కంప్యూటరును మీరందరూ చూచియే ఉంటారు. సభ్యుల పేర్లు, గోత్రాలు, విరాళాలు, శాశ్వత పూజలు, పితృదేవతల తిథులు అన్నీ అందులో మైక్రోసాఫ్ట్ యాక్సెస్ ఫైలుగా ఉన్నాయి. దానిని వెబ్‌కు తరలించే బాధ్యతను సంఘం మీకు అప్పగించింది. ఇకపై ఎవరింటి నుండి వారే పూజలు నమోదు చేసుకొనవచ్చును. చాలా సంతోషం.

పట్టికలను పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేసులోనికి చేర్చడం కష్టం కాదు. ఫారాలు, వాటి వెనుకనున్న నియమాలు మాత్రం వాటంతట అవి తరలిరావు. జీవిత సభ్యులను వార్షిక రుసుము అడుగరాదన్న నియమం పట్టికలో లేదు. ఫారం వెనుకనున్న ప్రోగ్రాములో ఉన్నది. అట్టివాటిని వెదకి మరల వ్రాయవలసినదే.

నేను చేసిన పొరపాటు ఒకటి చెబుతాను. ప్రయోగంగా తరలించినప్పుడు, "మాఘ బహుళ ఏకాదశి" వంటి తిథులన్నిటినీ ఆ యేటి ఇంగ్లీషు తేదీలుగా మార్చివేశాను. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 దినములే. అందువలన మరుసటి యేడు ఒక తల్లిగారి ఆబ్దికాన్ని గుర్తుచేసే ఈమెయిలు 11 రోజుల ఆలస్యపు తేదీతో సిద్ధమైంది. పురోహితులు గమనించి ఆపకపోతే ఆ కుమారుడు తన తల్లి తిథిని తప్పియుండేవాడు.

కనుక మాసము, పక్షము, తిథి మూడింటినీ వేర్వేరు గడులలో ఉంచండి. తేదీని ఏటేటా మన ఊరి సూర్యోదయాస్తమయాలను అనుసరించిన పంచాంగం నుండి తీసుకొనండి. భారతదేశపు తేదీకి ఇక్కడ ఒక రోజు తేడా రావచ్చును. అధికమాసం వచ్చిన యేట పురోహితుల నిర్ణయానికి ఒక గడి కేటాయించండి. పెద్దలు మొదట వ్రాసిన మాటను చెరపకుండా ప్రక్కనే భద్రపరచండి.

ఇన్నాళ్లూ ఆ వివరాలకు కార్యాలయపు తాళమే కాపలా. వెబ్‌లో ఆ తాళం ఉండదు. విరాళాల లెక్కలు కోశాధికారికి, తిథులు పురోహితులకు, ఎవరి కుటుంబ వివరాలు వారికి మాత్రమే కనబడేటట్లు ముందే నిర్ణయించండి. ఒక ఉగాది నుండి మరుసటి ఉగాది వరకు పాత పద్ధతిని కూడా కొనసాగించి, నెలనెలా రెండు జాబితాలను సరిపోల్చండి.

ఆ గడులు నింపిన పెద్దలు నేటికీ మన మధ్య ఉన్నారు. ప్రోగ్రాము మొదలుపెట్టక ముందే వారి ప్రక్కన కూర్చుండి, ఏ గడిలో ఏమి వ్రాశారో, ఎందుకు వ్రాశారో అడిగి తెలుసుకొనండి. ఈ వార్షికోత్సవ వేళ మీకు నా ప్రార్థన ఇదే.

సెలవు. శుభం భూయాత్.