రంగునకు ముందు గోడ

పండుగ పదిరోజులున్నదనగా రంగులవానిని తొందరపెట్టుట మనకు అలవాటు. గోడ సంగతి ఎవరును అడుగరు.

2016లో వేరువేరు జిల్లా కేంద్రములైన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలులలో మట్టితోను, రాతితోను, సున్నముతోను కట్టిన పాత ఇండ్లు నేటికిని కలవు. గద్వాల కోటనే మట్టికోట అందురు. ఇట్టి ఇండ్లలో ఏటేటా వేసిన వెల్ల పొరలుగా పేరుకొనియుండును. అరచేతితో రుద్దిచూడుడు. తెల్లని పొడి అంటినచో లప్పము నిలువదు. పొడితోపాటు అదియు రాలును. పొరలు గీకి, తడిగుడ్డతో తుడిచి, ఆరనీయవలెను.

అసలు శత్రువు చెమ్మ. నేలలోని తేమ గోడలోనికి ఎగబ్రాకి, పైన ఆరి, తాను తెచ్చిన ఉప్పును అక్కడ విడుచును. దానిని కప్పుటకై పలువురు సిమెంటు మెత్తింతురు. ఇది నాకు బొత్తిగా సమ్మతము కాదు. సున్నపుపూత తేమను బయటికి పోనిచ్చును. సిమెంటు ఆ దారిని మూయును. లోపల నిలిచిన తేమ మట్టిగోడను మెత్తబరచును. ముందు గోడప్రక్కన నీరు నిలువకుండ చూచుకొని, అట్టి గోడకు మరల సున్నమే వేయుట మేలు.

సందేహమైనచో జానెడు ప్లాస్టిక్ ముక్కను నాలుగంచులు మూసి గోడకు అంటించి, ఒకరోజు ఉంచుడు. గోడవైపున నీటిబొట్లు కనబడినచో రంగుడబ్బా తెరువవలదు.

కొత్త సిమెంటుపూతను వారము తడిపి, పిమ్మట కనీసము నాలుగు వారములు ఆరనిండు. లేనిచో అందలి క్షారము రంగును చెరచును.

పాత నూనెరంగు గోడలతో మరియొక చిక్కు. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదను నిబంధన 2017 నవంబరులో అమలులోనికి వచ్చినది. అంతకు పూర్వపు రంగును పొడిగా గీకింపరాదు. తడిపి గీకించి, పని ముగిసి గది కడుగువరకు పిల్లలను, గర్భిణులను దూరముగా ఉంచుడు.